సంచిలో లేని పిడికెడు

"పిడికెడు తీసినవా?"

"తీసిన తియ్. నువ్వు పో, సాంచెలు సురువైతున్నయి."

మా ఆయనకూ నాకూ మధ్య జరిగిన చివరి మాటలు ఇవే. ఆయన గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ అడిగాడు. నేను పొయ్యి ముందు కూర్చుని, వెనక్కి తిరగకుండానే జవాబు చెప్పాను. సిరిసిల్లలో మా గల్లీ చివర ఒక షెడ్డు ఉంది. అందులో మరమగ్గాల మీద ఆయన పని. మేము వాటిని సాంచెలంటాం. పొద్దెక్కేసరికి అక్కడి నుంచి మనుషులు పరుగెత్తుకొచ్చారు. సాంచె పక్కనే కూలిపోయాడట. దవాఖానాకు తీసుకుపోతే గుండె ఆగిందన్నారు.

ఆ రెండు మాటల్లో ఆయన అడిగినది మనసారా అడిగాడు. నేను చెప్పినది అబద్ధం. ఆ పొద్దున నేను పిడికెడు తీయలేదు. అంతకు ముందు మూడు వారాలుగా తీయలేదు.

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతే. అందుకే నేను చెప్తుంటే మా ఆడబిడ్డ కూతురు రాస్తోంది. జగిత్యాలలో డిగ్రీ చదువుతోంది, సెలవులకు వచ్చింది. పోయిన మనిషి దానికి సొంత మేనమామ. అబద్ధం అన్న మాట నా నోట రాగానే దాని పెన్ను ఆగింది.

"అత్తమ్మా, గిది గూడ రాయాల్నా?"

"రాయి బిడ్డా. గదే రాయాలె. మిగిలిందంత దాని కోసమే చెప్తున్న."

పిడికెడు అంటే ఏమిటో ముందు చెప్పాలి. మా ప్రార్థన మందిరం చిన్నది. ఒక రేకుల గది, ముందర ఒక వేపచెట్టు. వచ్చేది మా గల్లీ వాళ్లూ, పక్క గల్లీ వాళ్లూ. ప్రతి ఇంట్లో ఆడది పొద్దున వంటకు బియ్యం కొలుచుకున్నాక, కడగకముందే అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఇంట్లో ఎక్కువ ఉన్నా, తక్కువ ఉన్నా ఒక్క పిడికెడే. ఆదివారం ఆ డబ్బా మందిరానికి తీసుకుపోయి, తలుపు పక్కన వేలాడే సంచిలో వంచుతాం. ఆ వారం ఏ ఇంట్లో కష్టం ఉంటే సంచి ఆ ఇంటికి పోతుంది. నెలలో మొదటి ఆదివారం మాత్రం అక్కడే వండుకుని అందరం ఒకే బంతిలో తింటాం. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చేది కూడా ఆ రోజే. ఒకరి మీద కోపం మనసులో పెట్టుకుని రొట్టె ముట్టొద్దని పాస్టరయ్య ప్రతిసారీ చెప్తాడు.

మా ఇద్దరిలో ముందు నమ్మింది ఆయన. పాటలు పాడటం రాదు, ప్రార్థన గట్టిగా చేయడం రాదు. సాంచెల చప్పుడుకు చెవులు మందమై, వాక్యం సగమే వినపడేది. కానీ పిడికెడు మాత్రం మరిచేవాడు కాదు. రోజూ చెప్పులు వేసుకుంటూ అదే మాట అడిగేవాడు. నాకు విసుగొచ్చేది. "రోజూ అడుగుతవేంది, నేను దొంగనా?" అనేదాన్ని. "దొంగవు గాదే. నేను తియ్యలేను గదా, అడిగితెనన్న అండ్ల నాకు భాగం అందుతది" అనేవాడు.

సంచి చూసుకునేది పక్క గల్లీ అక్క. నాకంటే పెద్దది, నోరు ఇంకా పెద్దది. అప్పట్లో రేషన్ దుకాణంలో దొడ్డు బియ్యం ఇచ్చేవారు. మిగతా ఇళ్లవాళ్లు వాటిని దోసెల పిండికి వాడుకుని, తినడానికి సన్నబియ్యం కొనుక్కునేవారు. మేము దొడ్డు బియ్యమే తినేవాళ్లం. సాంచె మీద పొద్దంతా నిలబడే మనిషికి ఆకలి ఆగుతుందని ఆయనకు అవే ఇష్టం. కాబట్టి మా ఇంటి పిడికెడు కూడా దొడ్డు బియ్యమే.

సన్నవీ దొడ్డువీ కలిపి వండితే ఏమవుతుందో వండినవాళ్లకు తెలుసు. ఒక మొదటి ఆదివారం బంతి కూర్చుంది. ఆ అక్క గరిటెతో అన్నం తిరగేసి, అందరికీ వినపడేలా అడిగింది.

"ఎవలియి ఈ దొడ్డు బియ్యం? సన్నయి గుజ్జయినయి, దొడ్డియి గోళీల లెక్క ఉన్నయి. ప్రభువు బంతిల పండ్లు ఊడగొట్టుకోవాల్నా మనం?"

అందరూ నవ్వారు. ఎవరివో అందరికీ తెలుసు. మా ఆయన కూడా నవ్వాడు. నాకు మండింది అక్కడే.

ఇంటికి వచ్చాక అడిగాను. "నువ్వు గూడ నవ్వినవ్ గదా?"

"నవ్వచ్చింది, నవ్విన. అన్నం నిజంగనే గోళీల లెక్క ఉండె."

నా గింజ అంత పనికిరానిదైతే నా గింజ లేకుండానే తినండి అనుకున్నాను. మరునాటి నుంచి పిడికెడు తీయడం మానేశాను. ఆయన అడిగితే తీసిన అన్నాను. ఆదివారం ఖాళీ డబ్బాను కొంగు కింద పట్టుకుపోయి, మూతి సంచిలోకి వంచి, దులిపినట్టు దులిపి తీసుకొచ్చాను. ఖాళీ డబ్బా వంచడానికి సిగ్గనిపించాలి. అప్పుడు నాకు అనిపించలేదు, కోపం అంత ఉంది.

మూడు ఆదివారాలు అలా గడిచాయి. నాలుగోది రాకముందే ఆయన పోయాడు.

చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా. మా చుట్టాలు వచ్చారు, ఏడ్చారు. మట్టి చేసే పద్ధతి వాళ్లది వేరు, మాది వేరు, అందుకని కొంచెం ఎడంగా నిలబడ్డారు. మందిరం వాళ్లే ముందుండి అన్నీ చేశారు. మట్టి చేసి వచ్చేసరికి ఆ అక్క మా వాకిట్లో మూడు రాళ్లు పెట్టి, సంచి విప్పి అన్నం వండింది. చుట్టాలకు పెట్టింది, షెడ్డు నుంచి వచ్చినవాళ్లకు పెట్టింది. చివరికి ఒక పళ్లెం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నాలుగు ముద్దలన్న తినే చెల్లె. పానం నిలవాలె గదా."

పళ్లెంలోకి చూశాను. తెల్లగా, పువ్వులాగా సన్నటి అన్నం. ఒక్క దొడ్డు గింజ లేదు. ఇంతమంది పిడికెళ్లు కలిసి నా మొగుడి చావుకు అన్నమయ్యాయి. అందులో ఆయన ఇంటి పిడికెడు లేదు. ఉందనుకుని ఆయన గడప దాటాడు. నాకు ముద్ద దిగలేదు. దుఃఖంతో తినలేదు అనుకున్నారు అందరూ.

తర్వాతి మొదటి ఆదివారం పాస్టరయ్య రొట్టె పళ్లెం నా ముందుకు తెచ్చాడు. తల అడ్డంగా ఊపాను. ఆ తర్వాతి నెల కూడా అంతే. మూడో నెల మందిరానికే పోలేదు. సంచి మాత్రం నా ఇంటికి రావడం మొదలైంది. మొగుడు లేని ఇల్లు కదా ఇప్పుడు. ఆ బియ్యం వండలేక మూటగానే మూలకు పెట్టేదాన్ని. ఎవరికీ చెప్పలేక కోరుట్లలో మా చెల్లె ఇంటికి పోయాను.

మా చెల్లె వాళ్లు మందిరానికి పోయేవాళ్లు కాదు. నన్ను ఏమీ అడగలేదు. బీడీలు చేస్తూ కూర్చున్నాను. ఆకు కత్తిరించడం, తంబాకు వేయడం, చుట్టడం, దారం కట్టడం, దినమంతా అదే. అక్కడ ఇంకో సంగతి జరిగేది. పొద్దున మా చెల్లె బియ్యం గిన్నెలో పోయగానే నా చెయ్యి దానంతట అదే అందులోకి పోయేది. పిడికెడు పట్టుకునేదాన్ని. ఎక్కడ వేయాలో తెలియక మళ్లీ ఆ గిన్నెలోనే వదిలేదాన్ని. మా చెల్లె ఒకరోజు చూసి, "బియ్యంల ఏం దేవులాడుతున్నవక్కా?" అని నవ్వింది. పురుగులు చూస్తున్నానని చెప్పాను. ఇంకో అబద్ధం.

సంచి చూసుకునే ఆ అక్క ఫోన్ చేస్తూనే ఉండేది. ఎత్తేదాన్ని కాదు. ఒకసారి మా చెల్లె ఎత్తి నా చెవి దగ్గర పెట్టింది.

"జగిత్యాలల మన ఆడోళ్ల కూడిక ఉన్నది. వంట నా నెత్తిన పడ్డది. నువ్వొస్తవా, నేనే కోరుట్లకచ్చి మీ చెల్లె ఇంట్ల మంచమేసుకొని కూసోవాల్నా?"

అన్నంత పనీ చేసే మనిషి అది. మర్నాడు బస్సెక్కాను.

జగిత్యాలలో టెంటు వెనక వంట. మల్లాపూర్ నుంచి, మేడిపల్లి నుంచి, చందుర్తి నుంచి, ప్రతి ఊరి ఆడవాళ్లూ తమ మందిరం సంచి మోసుకొచ్చారు. అన్నిటినీ ఒక పట్టా మీద కుమ్మరించారు. దొడ్డువి, సన్నవి, కొత్తవి, పాతవి, అన్నీ ఒకే కుప్ప. గంగాళంలో నీళ్లు ఇంకా కాగనేలేదు. ఆ అక్క చాటతో ఎత్తి పోయబోయింది. నేను పక్కకు నిలబడి ఏమీ పట్టనట్టు ఉందామనుకున్నాను. నోరు ఆగలేదు.

"ఆగక్కా! గట్ల పోస్తె మళ్ల గోళీలే."

ఆమె నా వైపు చూసి, చాట నా చేతిలో పెట్టింది. "అయితె నువ్వే పెద్దమనిషివి. చెప్పు, ఏం జెయ్యాలె?"

మా అమ్మ నాట్లు వేసేవాళ్లకు వండేది. నాలుగిళ్ల బియ్యం కలిసేవి. ఆమె దగ్గర నేర్చుకున్నది చెప్పాను. అన్నిటినీ కడిగి ముందు నానబోయాలి. దొడ్డు గింజకు నీళ్లు లోపలిదాకా పోవాలి. ఎసరు బాగా మసిలాకనే పోయాలి. ఇంకా పలుకు ఉండగానే గంజి వంచి, మూత పెట్టి, నిప్పుల మీద ఉమ్మగిల్లనివ్వాలి. అప్పుడు ఏ గింజ ఎవరిదో తెలియదు.

నానబోశాం. ఇద్దరం బోర్లించిన బకెట్ల మీద కూర్చుని పప్పులో రాళ్లు ఏరుతున్నాం. టెంటులో పాట నడుస్తోంది. అక్కడ చెప్పకపోతే ఇంకెక్కడా చెప్పలేననిపించింది.

"అక్కా, ఆయన పోయిన్నాడు పొద్దుగాల పిడికెడు తీసినవా అని అడిగిండు. తీసిన అన్న. తియ్యలే. అంతకుముందు మూడు వారాలు గూడ తియ్యలే. ఖాళీ డబ్బ వంచిన."

ఆమె రాళ్లు ఏరడం ఆపలేదు. "నాకెర్కనే."

"ఏమెర్క?"

"సంచి ఇంటికి తీస్కపోయి చెరిగేది నేనే గదనే. అందరియి సన్నయి, నీయొక్కతియే దొడ్డియి. మూడు వారాలు ఒక్క దొడ్డు గింజ కనవడకపాయె. గంత తెల్వదా నాకు?"

"మరి అడుగకపోతివి?"

"ఏ మొకం పెట్టుకొని అడుగుదు? నోరు జారింది నేను. అడిగితె నువ్వు ఆ ఆదివారం సంది రాకపోదువు." ఒక రాయి ఏరి పారేసి అంది. "గా మొదటి వారం సంచి చూసిన కాడికెల్లి రోజు రెండు పిడికెళ్లు తీసిన. ఒకటి మా ఇంటిది, ఒకటి మీ ఇంటిది. ఆయన పోయిన్నాడు పొద్దుగాల గూడ తీసిన. మీ వాకిట్ల వండేటప్పుడు నా డబ్బ గూడ వంచిన, ఆ అన్నంల గది గూడ ఉండె."

నా చేతిలో పప్పు చాట ఒరిగిపోయింది. ఆమె పట్టుకుంది.

"అయితె నాది అబద్ధం గాదా అక్కా?"

"అబద్ధమే. గది నువ్వు దేవునికి చెప్పుకో, నేను తుడిచేదాన్ని గాదు. పిడికెడు మాత్రం పడ్డది." తర్వాత గొంతు తగ్గించింది. "నాది గూడ ఉన్నది. గంతమందిల నిన్ను నవ్వులపాలు జేసిన. మాఫ్ జెయ్యి చెల్లె."

"చేసిన."

"గింత జల్దినా? నేనింక కాళ్లు పట్టుకోవాలెనేమో అనుకున్న. నా నడుము బతికింది."

ఏడుస్తూనే నవ్వాను. ఆ మధ్యాహ్నం అన్నం బాగా కుదిరింది. ఒక మేడిపల్లి ఆమె రెండోసారి పెట్టించుకుని, ఎవరు వండారని అడిగింది. అక్క నా వైపు వేలు చూపించింది.

ఆమెతోనే సిరిసిల్ల బస్సెక్కాను. ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం రొట్టె పళ్లెం నా ముందుకు వచ్చేముందు కళ్లు మూసుకుని దేవునికి ఉన్నదున్నట్టు చెప్పాను. చెయ్యి చాపి తీసుకున్నాను. చిన్న ముక్క. మింగేటప్పుడు గొంతు నొప్పి పుట్టింది, చాలా రోజులు వాడని దారి కదా.

సహవాసం అన్న మాట పాస్టరయ్య ఎన్నోసార్లు చెప్పాడు. కలిసి కూర్చోవడం, కలిసి పాడటం అనుకునేదాన్ని. అందరితో కలిసి కూర్చుంటూనే ఖాళీ డబ్బా వంచాను నేను. అదే బంతిలో కూర్చున్న ఇంకో మనిషి, ఎవరికీ చెప్పకుండా, నేను తీయనిది తీసిపెట్టింది. ఆమె నన్ను నొప్పించిన మనిషే. రెండూ ఒకే చెయ్యి చేసింది. అంతకు మించి చెప్పడం నాకు రాదు.

ఇప్పుడు రేషన్‌లో కూడా సన్నబియ్యమే ఇస్తున్నారు. సంచిలో ఎవరి గింజ ఏదో ఇక ఎవరికీ తెలియదు. మొదటి ఆదివారం వంట మాత్రం నాదే. నేను రోజూ రెండు పిడికెళ్లు తీస్తాను. కొన్నాళ్లుగా మందిరానికి రావడం మానేసిన ఒక చిన్నామె ఉంది. ఎందుకు మానేసిందో నేను అడగలేదు. రెండోది ఆమె ఇంటిది.

ఆయనకు మాత్రం నిజం చెప్పే వీలు లేకపోయింది. అదొక్కటే లోపల మిగిలింది. అందుకే ఇదంతా రాయించాను, ఆయన రక్తం ఉన్న పిల్ల చేతనే రాయించాను.

ఇగ చాలు బిడ్డా. కండ్లు తుడుచుకో. మొదటికెల్లి ఒకసారి సదువు, జెర గట్టిగ సదువు. మీ మామ అడిగిన మాట కాడికి రాంగనే ఆగు. ఈసారి జవాబు నేను చెప్త.