బూర మీద మాటలు

నా చిన్నప్పుడు, మేం మిర్యాలగూడలో ఉండగా, మా తాతయ్య పెళ్లిళ్ల బ్యాండులో ట్రంపెట్టు ఊదేవాడు. మేమంతా దాన్ని బూర అనే అనేవాళ్లం. ఏళ్ల తరబడి ఆయన పక్కన డ్రమ్ము కొట్టిన స్నేహితుడు గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత తాతయ్య బూరను పాత పంచెలో చుట్టి అటక మీద పెట్టేశాడు. ఊదమని అడిగితే, "ఎవని దెబ్బ మీద ఊదాలె?" అనేవాడు. అన్నం ముందు కూర్చుని కూడా మెతుకులు కెలికి లేచిపోయేవాడు. అమ్మకు దిగులు పట్టుకుంది.

పక్కింటి అక్క హైదరాబాదులో చదివేది. సెలవులకు వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం టేప్‌రికార్డరు తెచ్చి మా వరండాలో పెట్టింది.

"తాతా, దీంట్ల మోగేది బూరనా, ఇంకోటా? నాకు తెలుస్తలేదు, జర విని చెప్పు," అంది.

అది బూరేనని ఆమెకు తెలుసు. తాతయ్యను కదిలించడానికే అలా అడిగిందని నాకు చాలా కాలానికి తెలిసింది.

టేపులో ఎవరో కుర్రాళ్లు ఇంగ్లీషులో గబగబా మాట్లాడుతున్నారు. పాడటం లేదు. నాకు నవ్వొచ్చింది. తాతయ్య మాత్రం చెవి దగ్గరగా పెట్టాడు. మాటల అడుగున ఒక బూర నెమ్మదిగా మోగుతోంది. అదే ముక్క, రవ్వంత కూడా మారకుండా తిరిగి తిరిగి వస్తోంది.

మనిషి ఊదితే ఇన్నిసార్లు ఒక్క తీరుగా రాదన్నాడు తాతయ్య. అప్పుడు అక్క తనకు తెలిసింది చెప్పింది. అమెరికాలో నల్లవాళ్లు జాజ్ అనే సంగీతాన్ని పుట్టించారట. రానురాను అది పిల్లలకు ముసలివాళ్ల పాటగా మిగిలిపోయిందట. ఆ పిల్లల్లోనే కొందరు పాత రికార్డులు బయటికి తీసి, నచ్చిన ముక్క కోసుకుని, దానికి దరువు కలిపి, తమ వీధుల సంగతులు దాని మీద చెప్పుకున్నారట. దాన్నే ర్యాప్ అంటారట.

తాతయ్య టేప్‌రికార్డరు వైపు వేలు చూపించాడు. "గీ బూర ఊదినాయన ఉన్నడా?" అని అడిగాడు.

"లేడు తాతా. ఎప్పుడో పోయిండు."

"పోయినాయన ఊపిరి మీద పిల్లలు మాట్లాడుతున్నరా," అన్నాడు మెల్లగా. "మల్ల పెట్టు బిడ్డా."

అక్క పెట్టింది. తాతయ్య స్టూలు ఎక్కి బూర దించాడు. మొదట గాలి తప్ప ఏమీ రాలేదు. తర్వాత మాటకూ మాటకూ నడుమ సందు వెతుక్కుని, ఆ పోయినాయన స్వరం పక్కన తన స్వరం ఆనించాడు. ఏది తాతయ్యదో, ఏది ఆ ముఖం తెలియని మనిషిదో కాసేపు నాకు తెలియలేదు. అమ్మ చేతిలో గరిటెతో గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

మర్నాడు తాతయ్య స్నేహితుడి ఇంటికి వెళ్లి, ఆయన కొడుకును డ్రమ్ము దుమ్ము దులపమన్నాడు. ఆ కుర్రాడి దెబ్బ తండ్రి దెబ్బలా ఉండేది కాదు. తాతయ్య దాన్ని మార్చమనలేదు. దాని మీదనే కోదాడ దాకా పెళ్లిళ్లలో ఊదాడు.

ఇప్పుడు నేను సూర్యాపేటలో పాఠాలు చెబుతున్నాను. పిల్లలు మన యాసలో ర్యాప్ కట్టి, ఫోన్లో వినిపించి, ఎట్లుంది మేడం అంటారు. ముందు కళ్లు మూసుకుని, ఆ మాటల కింద ఎవరి ఊపిరి ఉందో వింటాను.