వందంటే వందే

మా తాతగారి పత్తి జిన్నింగ్ మిల్లు చేతులు మారాక మాకు మిగిలింది గుంటూరు శివార్లలో ఒక రేకుల షెడ్డు, అందులో ఆయన వాడిన, ఇనుమును తిప్పుతూ చెక్కే పాత లేత్. దానికి మోటార్లు బిగించి కంప్యూటర్‌తో నడిపిస్తానన్నాను. నడవకపోతే పాత ఇనుము కింద తనకే ఇచ్చేస్తానని మా బావతో పందెం వేశాను. బావ దాన్ని ఎత్తుకెళ్లడానికి ఏకంగా వ్యానుతోనే వచ్చాడు.

చెక్కే టూల్‌ని వంద మిల్లీమీటర్లు జరగమని కంప్యూటర్‌లో కొట్టాను. ఇనుమును పట్టి తిప్పే చక్‌కి కాస్త ముందు అది ఆగాలి. ఆగలేదు. తిరుగుతున్న చక్‌ని గుద్దుకుని విరిగింది. ముక్క నా చెవి పక్కనుంచి దూసుకుపోయింది.

“మిల్లు పోయింది సరే, తలకాయ కూడా పోవాలా? వ్యాను ఎక్కించమంటావా?” అన్నాడు బావ.

“చెయ్యి వేశావంటే ఊరుకోను. కూర్చుని టీ తాగు.”

టూల్‌ని చక్‌కి దూరంగా జరిపి, మళ్లీ నడిపి కొలిచాను. వందకి దాదాపు ఆరు మిల్లీమీటర్లు ఎక్కువ పోతోంది. అప్పుడు వెలిగింది. ఆ కాలపు లేత్ స్క్రూ అంగుళాల లెక్కది. ఒక్కో చుట్టుకి పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు జరిగేదాన్ని, ఆరు మిల్లీమీటర్లేనని కంప్యూటర్‌లో రాశాను. లెక్క సరిదిద్దాను.

బావ తాగిన ఖాళీ టీ గ్లాసు తీసుకుని, వంద మిల్లీమీటర్ల గీతకి కాస్త అవతల పెట్టాను.

“ఇది పగిలితే లేత్ నీది.”

మళ్లీ వంద కొట్టాను. టూల్ వచ్చి గ్లాసుకి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. బావ వంగి చూశాడు.

“ఏదీ, ఇంకోసారి కొట్టు!”

“ఎన్నిసార్లు కొట్టినా అక్కడే.”

వ్యాను ఖాళీగా వెళ్లింది. ఇప్పుడు చేతులు మారిన ఆ మిల్లు యంత్రాల షాఫ్టులు కూడా రిపేరుకి నా దగ్గరికే వస్తున్నాయి. కొలత చూడటానికి తప్ప నేను తల వంచను.