ఎంసీబీ మార్చనన్న పెద్దాయన

పటాన్‌చెరులో మా టైలరింగ్ సెంటర్ ఉన్న కాంప్లెక్సుకు ఒక పెద్దాయన కరెంటు పనికి వచ్చేవాడు. ఏ పనికైనా ముందు కేబుల్ మీద అరచెయ్యి ఆనించి వేడి చూసేవాడు.

ఏసీలు వేస్తే మాటిమాటికీ ఎంసీబీ స్విచ్చు ట్రిప్పయి కరెంటు పోతోందని, పెద్దది పెట్టమన్నాడు కాంప్లెక్సు ఓనరు.

"అది ట్రిప్పయితున్నది గనుకనే కేబుల్ కాలుతలేదు సార్. పెద్దది పెడితే అది ట్రిప్పు గాదు, కేబులే కాలుతది. ముందుగాల లావు కేబుల్ గుంజుదాం."

ఓనరు ఆయన్ని మాన్పించి, ఇంకొకడితో పెద్దది పెట్టించాడు. నెల తిరక్కముందే సీలింగులో కేబుల్ అంటుకుంది. పొగలో దగ్గుతూ మెట్లు దిగి రోడ్డున పడ్డాం.

"ఆ ముసలోని వైరింగే ఖరాబు!" అని అరిచాడు ఓనరు. ఆనాటి మాటలు విన్న నేను నోరు విప్పలేదు. నా పిరికితనం మీద ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సంగతి తెలిసి పెద్దాయన ఉరికొచ్చాడు. "అందరు బయటికొచ్చిండ్రా అమ్మా?" అని నన్నడిగాడు.

ఓనరు ఆ మాట అడగనేలేదు.