పౌడరు తిన్న చేతులు

మా ఇంట్లో వాషింగ్ మెషిన్ ఉంది. మా అత్త బట్టలు మాత్రం అందులో పడకూడదు. అందరి గుడ్డలూ కలిసి తిరిగే డబ్బాలో మడి ఎట్లా నిలుస్తుందని ఆమె వాదన. చూపు పోయి, మతి తప్పి, మంచం పట్టినా ఆ పట్టు సడలలేదు. ఆరిన చీర వాసన చూసి మెషిన్‌లో పడిందో లేదో కనిపెట్టేస్తుంది. అన్నీ మంచంలోనే అయ్యే మనిషి, రోజూ బకెట్ల కొద్దీ దుప్పట్లు. ప్రొద్దుటూరులో మా వీధి బోరు నీళ్ళకు నురగ రాదు. రాలేదు కదా అని ఇంకో గుప్పెడు బట్టల పౌడరు వేసి చేత్తోనే ఉతికేదాన్ని.

చేతులు ఎర్రబడి, పొట్టు లేచి, కణుపుల దగ్గర పగిలాయి. మంట సంగతి సరే, ఓర్చుకున్నాను. అసలు చిక్కు అన్నం దగ్గర వచ్చింది. అత్త నా చేతి ముద్ద తప్ప ఇంకెవరు పెట్టినా తినదు. స్పూను పెదవికి తగిలితే ఉమ్మేస్తుంది. అలాంటిది ఒకరోజు, "ఏందే, నోరంతా గీరుకుంటాంది" అని మూతి తిప్పుకుంది. ఆనాటి నుంచి తిండి తగ్గిపోయింది. మనిషి కళ్ళ ముందే చిక్కిపోతుంటే నాకు భయమేసింది.

తలా ఒక మాట చెప్పారు. జమ్మలమడుగులో ఉండే మా అక్క కొబ్బరినూనె రాయమంది. పులివెందుల నుంచి ఆడబిడ్డ గ్లిజరిన్‌లో నిమ్మరసం కలిపి పూయమని ఫోన్ చేసింది. పగిలిన చేతికి నిమ్మరసం తగిలేసరికి చుక్కలు కనిపించాయి. కన్నతల్లిని చూడడానికి రాదు కానీ సలహాలకు కొదవ లేదు. ఏ పుట్టలో ఏ పాముందో అని అన్నీ పూశాను, ఏదీ పనిచేయలేదు.

చివరికి చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, చర్మం ఎండిపోయిందంది. పొద్దున లేచింది మొదలు నీళ్ళలో నానే చెయ్యి ఎండిపోవడమేమిటో నాకు అంతుపట్టలేదు. పౌడరు చర్మంలోని జిడ్డును లాగేస్తుందట, జిడ్డు పోతే లోపలి తడి నిలవదట. ఆ తడిని గ్లిజరిన్ పట్టి ఉంచుతుందని, పైన పెట్రోలియం జెల్లీ పూస్తే అది ఆరిపోకుండా కాపాడుతుందని చెప్పింది. అదీ చేతి తడి పూర్తిగా ఆరకముందే పూయాలట. ఇంతకుముందు పూసినవేమయ్యాయని అడిగింది. పూతలు మడికి పనికిరావని, అత్త నోట్లోకి పోతాయేమోనని, అన్నం కలిపే ముందు ప్రతిసారీ బట్టల సబ్బుతో తోముకుంటున్నానని చెప్పాను.

ఆమె నా చేతులు తిప్పి చూసి, "మందు పూసుకునేదీ మీరే, పుండు చేసుకునేదీ మీరేనా అమ్మా" అంది.

ఉతికేటప్పుడు గ్లౌజులు, చేతులకు వేరే మెత్తని సబ్బు, అన్నం పెట్టడం అయ్యాక పూత. అంతే, మెల్లగా పగుళ్ళు పూడి, చేతులు మళ్ళీ నా చేతుల్లా అయ్యాయి. ఇక తినకేం చేస్తుందిలే అని సంతోషంగా పెరుగన్నం కలుపుకొని పోయాను.

అత్త నా వేళ్ళు పట్టుకుని తడిమింది. "ఎవురు నువ్వు?"

కోడలినే అన్నాను. తన కోడలి చెయ్యి తనకు తెలియదా అని నోరు బిగించింది. బతిమాలాను. పేరు చెప్పాను. పెదవి కదపలేదు. ఏ చేతి కోసం ఇన్ని పాట్లు పడ్డానో ఆ చెయ్యే పనికిరాకుండా పోయిందే అని నాకు తిక్క రేగింది. "తింటే తిను, లేకుంటే పస్తుండు. నా ప్రాణం తియ్యాకు" అని అరిచాను.

ఆ అరుపు వినగానే నోరు తెరిచింది. "వచ్చినావా" అంటూ గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నది. మూతి తుడుస్తుంటే నన్ను దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి చెప్పింది.

"ఇందాక ఎవురో పిల్ల వచ్చినాది. చేతులు శానా మెత్తగా ఉండాయి. ఆ పిల్లతో బట్టలు ఉతికించాకు. పాపం, చేతులు చెడిపోతాయి."

ఇన్నేళ్ళ కాపురంలో నా చేతుల గురించి ఆమె అలాంటి మాట అనగా నేను వినలేదు. ఇప్పుడు అన్నది నా గురించే అనుకోవాలో, కాదనుకోవాలో తెలియలేదు. సరే అత్తా, ఉతికించను అన్నాను.