అమ్మ పేరు మీద వచ్చిన షేర్లు

పోలీసు చర్య తరువాత నిజాం ఫౌజును రద్దు చేశారు. దాంతో రెజిమెంటల్ బజార్‌లో మా నాయిన కుట్టే యూనిఫారాలకు గిరాకీ పోయింది. బొల్లారంలో దిగిన కొత్త పటాలాలకు వాళ్ల దర్జీలు వాళ్లకే ఉన్నారు. కుట్టుమిషను ముందు ఊరికే కూర్చోలేక నాయిన షేర్ల పిచ్చిలో పడ్డాడు.

కొత్తగా పెట్టబోయే బట్టల మిల్లు ఒకటి షేర్లు అమ్మకానికి పెట్టింది. ఎవరి నోట విన్నా అదే మాట. ఉన్న షేర్ల కంటే అడిగేవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువట. నాయిన దగ్గర బట్టలు కుట్టించుకునే బ్యాంకు గుమాస్తా ఒకాయన ప్యాంటు కొలతలిస్తూనే ఉపదేశం చేశాడు.

“మాస్టర్, ఒక్క పేరు మీద ఎక్కువ అడగకు. ఇంట్ల పెద్దోళ్లందరి పేర్ల మీద జెర జెర అడుగు. తక్కువ అడిగినోళ్లకు ముందుగాల ఇస్తరు. అయినా దొరుకుతయని గ్యారంటీ లేదు. దొరక్కుంటే పైసలు వాపస్ వస్తయి గని, ఎప్పుడొస్తయో ఎవనికి తెల్సు? అవసరం లేని పైసలే పెట్టు.”

నాయిన మొదటి సగమే విన్నాడు. తన పేరున, అమ్మ పేరున, నానమ్మ పేరున, బాబాయి పేరున దరఖాస్తులు పెట్టాడు. దుకాణం డబ్బు మూడింటికే సరిపోయింది. నాలుగోదానికి నా కాలేజీ ఫీజు తీశాడు. నేను అప్పుడే మెట్రిక్ పాసయ్యాను. గడువులోగా ఫీజు కట్టకపోతే సీటు పోతుంది, సీటు పోతే పెళ్లి చేసేస్తారు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ అనలేదు గానీ అందరికీ తెలుసు.

“గడువులోపట వాపస్ వస్తయి తియ్యి. ఉత్తగ పరేషాన్ కాకు బిడ్డా” అన్నాడు.

అందరూ ఎగబడే షేర్లు దొరకవేమోనని జనం భయపడతారు. దొరికాయో లేదో తేలేదాకా మన డబ్బు మన చేతిలో ఉండదన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. మా నాయినకు అసలే పట్టలేదు.

చివరికి అమ్మ పేరు మీద పెట్టిన దరఖాస్తుకే షేర్లు వచ్చాయి. మిగతా మూడింటి డబ్బు ఇంకా వాపసు రాలేదు. ఫీజు గడువు దగ్గరపడింది. బయట మాత్రం ఆ షేర్లకు అప్పుడే ఎక్కువ ధర పలుకుతోంది.

“ఏం పిల్లా, గవి అమ్మితే నీ ఫీజు వెళ్తదా?” అని అమ్మ నన్నడిగింది.

“వెళ్తదమ్మా, పుస్తకాలు సుత వస్తయి” అన్నాను.

నాయిన ఎగిరిపడ్డాడు. “అమ్ముతవా? పిచ్చి గిట్ల లేసిందా నీకు? ఏడాది ఆగితే రెండింతలైతయి!”

“ఏడాది దాకా దీని సీటు ఆగుతదా? నా పేరు మీదొచ్చినయి, సంతకం నేనే చేస్త” అంది అమ్మ.

ఆమె నాయినకు ఎదురు చెప్పగా నేను వినడం అదే మొదలు. ఆ గుమాస్తాను వెంటబెట్టుకుని షేర్ల దలాలు దగ్గరికి వెళ్లి అమ్మేసి వచ్చింది. మరునాడే నా ఫీజు కట్టాం.

షేర్ల ధర నిజంగానే పెరిగింది. నాయిన రోజూ పత్రికలో చూసి, “గవి ఇయ్యాల ఉంటే ఇంతయితుండె” అని నాకు వినిపించేవాడు. చుట్టాలొస్తే, “మా బిడ్డ సదువు శాన ఖరీదు” అని నవ్వేవాడు. నేను పంతులమ్మనై మొదటి జీతం తెచ్చి చేతిలో పెట్టిన రోజు కూడా ఆ ధర చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

చాలా ఏళ్లకు ఆ మిల్లు మూతపడింది. షేర్లు చిత్తుకాగితాలయ్యాయి. ఆ వార్త వచ్చిన సాయంత్రం నాయిన ఏ ధరా చదవకుండానే పత్రిక మడిచి పక్కన పెట్టాడు. నేనే ఆగలేకపోయాను.

“ఇప్పుడన్నా నా సదువు లాభమే అంటవా, నాయినా?”

“గది నోటితోని చెప్పాల్నా?”

“చెప్పాలె” అన్నాను.

ఆయన వారం తిరిగేసరికి పత్రిక తెచ్చి నా ముందు పరిచాడు. మూతపడని ఇంకో కంపెనీ పేరు మీద వేలు పెట్టి, “గా ఫీజు పైసలు అప్పుడు గిండ్ల పెడితే ఇయ్యాల ఎంతయితుండెనో ఎర్కేనా బిడ్డా?” అన్నాడు.