మరకలత్త చేతికి లొంగని మరక

మరకలత్త చేతిలో పడ్డ గుడ్డకి రెండే గతులు: తెల్లబడటమో, చిరిగిపోవటమో. మరకతో మాత్రం తిరిగి ఇంటికి వెళ్ళదు. ఈ మాట ఎవరో పొగిడి అన్నది కాదు, ఆవిడే అనేది. కొట్టు ముందు నిలబడ్డ ప్రతివాళ్ళకీ వినిపించేలా అనేది. ఎదురుగా ఉతికే మిషన్లు పెట్టుకున్నాయనకి ఇంకాస్త గట్టిగా వినిపించేలా అనేది.

కొట్టంటే పెద్ద కొట్టేం కాదు. కోర్టు వెనక సందులో, మెట్ల కింద ఒక గది. బల్ల మీద కాలిన మచ్చల దుప్పటి, దాని మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె. వెనక కుళాయి, రెండు తొట్లు, అడ్డదిడ్డంగా తీగలు. గుమ్మం పక్కన ఒక చెక్కబెంచీ. మొగుడు పోయాక ఆ గదిని నమ్ముకునే కూతుర్ని పెంచి పెళ్ళి చేసింది. చదువంటే కూడబలుక్కునే అక్షరాలే గానీ, మూటలో ఏ చొక్కా ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఎవరైనా సామెత చెబితే, "అందరూ తొక్కకుండా కూర్చుంటే నా పొయ్యి ఎలా వెలుగుతుంది?" అనేది.

ఆ ఊళ్ళో అందరికంటే తెల్లటి చొక్కాలు ముఠావాళ్ళవి. రేవులో దిగే సరుకు మొదలుకొని వీధిలో లేచే గోడ దాకా వాళ్ళ వాటా లేనిదే ఏదీ కదిలేది కాదు. వాళ్ళ చొక్కాలూ ఈవిడే ఇస్త్రీ చేసేది. చెయ్యనని అనగలిగినవాళ్ళు ఊళ్ళో ఎవరున్నారు గనక?

ఒకడొచ్చాడు. కొత్త జడ్జి. సన్నటి మనిషి, గాలివేస్తే తీగ మీద బట్టలా ఊగేలా ఉండేవాడు. పెళ్ళి చేసుకోలేదు, తల్లితో ఉండేవాడు. పొద్దున్నే చర్చిలో పూజకి వెళ్ళి, వెనక వరసలో మోకాళ్ళ మీద ఉండి, అటునుంచి అటే కోర్టుకి. కోర్టులో వేసుకునే నల్లకోటు మరకలత్త కొక్కేనికే ఉండేది, దారిలో తొడుక్కుని వెళ్ళేవాడు. ఉతకడానికిచ్చిన చొక్కా జేబులో జపమాల మరచిపోవడం ఆయనకి అలవాటు.

"బాబూ, మీ జపమాలని మళ్ళీ సబ్బునీళ్ళలో ముంచాను. పాపం నాదా, మీదా?"

"నాదే అత్తా. శిక్ష చెప్పండి."

"రేపటినుంచి జేబులు మీరే తడుముకోండి."

"అప్పీలు లేదా?"

"నా కోర్టులో అప్పీళ్ళు లేవు. ముందు ఆ చేతులకంటిన సిరా సంగతి చూడండి. రాసేది కాగితం మీదా, చొక్కా మీదా?"

ఆయన నవ్వేవాడు. "మా దగ్గర మరక ఎవరిదో తేలేసరికే ఏళ్ళు గడుస్తాయి. మీరు పొద్దున తీసుకుని సాయంత్రానికి మాయం చేస్తారు. మీరే వచ్చి నా కుర్చీలో కూర్చోండి" అనేవాడు.

ఆ సన్నటి మనిషే ముఠా పెద్దల్ని జైలుకి పంపాడు. వాళ్ళ మేడలకీ లారీలకీ తాళాలు వేయించాడు. బెదిరింపులు మొదలయ్యాక తల్లి బతిమాలింది, రోజూ ఒకే దారిన వెళ్ళకురా నాన్నా అని. "దారి మారిస్తే పూజకి ఆలస్యమవుతుందమ్మా" అన్నాడట. అంతే. ఒక పొద్దున్న చర్చికీ కోర్టుకీ మధ్య, నడిరోడ్డు మీద కాల్చేశారు. నల్లకోటు ఆ పూటంతా కొక్కేనికి వేలాడుతూనే ఉంది. ఎవరూ చూడలేదన్నారు. ఊరంతటికీ ఒక్కసారే కళ్ళు పోయాయి.

ఆ వారం ముఠా మూట యథాప్రకారం వచ్చింది. మరకలత్త దాన్ని విప్పకుండానే వీధిలో పెట్టింది.

"మీ బట్టలకి నా కుళాయిలో నీళ్ళు రావట్లేదు నాయనా."

"ఇప్పుడు కారుతోందిగా!"

"అవి వేరేవాళ్ళ బట్టలకి."

వచ్చినవాడు ఏమనుకున్నాడో ఏమో, బెంచీకాలు ఒకటి తన్ని విరగ్గొట్టి పోయాడు. మరకలత్త దానికింద ఇటుక పెట్టుకుంది. తర్వాత ఆ ఇటుక తియ్యమని ఎవరన్నా తియ్యలేదు.

చివరికి ఒక లారీ డ్రైవరు ధైర్యం చేసి సాక్ష్యం చెప్పాడు. కాల్చినవాళ్ళకి శిక్షపడింది. కేసు ముగిశాక, జడ్జిగారు ఆ రోజు వేసుకున్న చొక్కాని కోర్టువాళ్ళు తల్లికి తిరిగిచ్చారు. ఆవిడ దాన్ని కాగితం పొట్లంగానే తెచ్చి మరకలత్త బల్లమీద పెట్టింది.

"తెల్లగా చేసివ్వు చెల్లీ. వాడు మరక చొక్కాతో ఎన్నడూ గడప దాటలేదు."

"ఇవ్వక ఎక్కడికి పోతానక్కయ్యా. దీపాలవేళకి రండి."

రక్తం మరకకి చన్నీళ్ళే వాడాలి. వేడి తగిలిందా, గుడ్డలోనే కాపురం పెడుతుంది. ఇది మరకలత్త కూతురికి మాటలు రాకముందే నేర్పిన పాఠం. అందుకే చల్లటి ఉప్పునీళ్ళలో నానబెట్టింది, పిండింది, మళ్ళీ నానబెట్టింది. ఎండి అట్టకట్టిన రక్తం మొండిది, ఆవిడ దానికంటే మొండిది. పొద్దువాలేసరికి చొక్కా పాలనురుగులా తేలింది. ఇస్త్రీపెట్టె ఎత్తేటప్పటికి మాత్రం ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. కాలరు పట్టీ లోపలివైపు చూసుకోకుండానే పెట్టె ఆనించేసింది. తీసి చూస్తే అక్కడ గోధుమరంగులో, బొటనవేలంత మచ్చ. ఉడికి కూర్చుంది. ఇక ఏడు సముద్రాల నీళ్ళు పోసినా పోదు.

నిన్నగాక మొన్న పనిలో చేరినవాళ్ళు చేసే తప్పు అది! మరకలత్త చుట్టూ చూసింది, ఎవరూ లేరు. తెల్లగుడ్డ ముక్క కత్తిరించి, లోపలివైపు కనీకనపడని కుట్టుతో ఆ మచ్చ మీద అతుకు వేసేసింది.

"మచ్చుకైనా లేదక్కయ్యా" అంటూ చేతికిచ్చింది. "కాలరు అరగకుండా లోపల గుడ్డ కూడా వేశాను."

ఆ తల్లి చొక్కాని మొహానికి హత్తుకుంది. ఆరోజు నుంచీ అది ఆవిడ దిండుకింద ఉంది. ఆవిడేమో సాయంత్రమయ్యేసరికి ఇటుకకాలు బెంచీ మీద ఉండేది. ఒకావిడ ఇస్త్రీ చేస్తూ తిట్టేది, ఒకావిడ కాయగూరలు తరుగుతూ నవ్వేది. అలా ముసలివాళ్ళయ్యారు ఇద్దరూ.

ఇన్నేళ్ళకి చర్చిలో కదలిక వచ్చింది. జడ్జిగారు విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షేనా, ఆయన్ని పునీతుడిగా ప్రకటించాలా అని విచారించడానికి ఒక ఫాదరు వచ్చారు. ఇక చూడండి! చచ్చినవాడి కళ్ళు చారెడు. బతికుండగా జడ్జిగారు ఎదురైతే పక్క సందులోకి తప్పుకున్నవాళ్ళందరూ ఆయన మాయింట్లో మంచినీళ్ళు తాగారంటూ బారులు తీరారు. ఆ నీళ్ళన్నీ నిజంగా తాగుంటే మనిషి తూటాతో కాదు, కడుపుబ్బి పోయేవాడు.

ఆ ఫాదరు జడ్జిగారి తల్లిని అడిగారు. "ఆ రోజు చొక్కా ఉందా అమ్మా? వేదసాక్షి రక్తం అంటిన గుడ్డని చర్చి పవిత్రంగా దాచుకుంటుంది."

"ఉంది బాబూ. ఉతికించాను."

ఫాదరు ఒక్క క్షణం ఆగి, "పర్వాలేదమ్మా, ఆయన ఎలా బతికారన్నదే మాకు ముఖ్యం" అన్నారు. నొప్పించాలని కాదు పాపం. కానీ ఆ ఒక్క క్షణం ఆవిడ గుండెల్లో దిగబడింది. మర్నాటినుంచి బెంచీ ఖాళీ.

మరకలత్త ఆ ఇంటికి వెళ్ళింది. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన పెట్టిన కంచం పెట్టినట్టే ఉంది.

"లేవండక్కయ్యా. గోడ మీకేం చెబుతుంది, నాకంటే?"

"వాడి రక్తం నేనే కాలవలో పోయించాను చెల్లీ. భూమ్మీద వాడిదంటూ మిగిలింది అదొక్కటే. మరక అనుకున్నాను. నా బిడ్డ అనుకోలేదు."

మరకలత్తకి నిజం నాలుక మీదిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. మచ్చుకైనా లేదని ఆ తల్లి మొహం మీదే అబద్ధమాడిందే! పైగా ఊరంతా వినేలా ఇన్నేళ్ళూ కోసిన కోతలో? ఊరిని నోటితో ఉతికి ఆరేసే మనిషి, ఆ కంచం మీద మూత మాత్రం పెట్టి ఇంటికి వచ్చేసింది.

ఇంట్లో అల్లుడున్నాడు. సంగతి విని చిటిక వేశాడు.

"దీనికింత దిగులెందుకత్తయ్యా? ఒక పాత చొక్కా తీసుకుందాం. ఒక కోడిని తెద్దాం. మెడ దగ్గర నాలుగు చుక్కలు..."

"అల్లుడుగారూ!" అంది మరకలత్త. ఆవిడ నోట గారు వచ్చిందంటే ఇల్లు సర్దుకోవాల్సిందే. "కోడిని పునీతుణ్ణి చేస్తారా? రేపు జనం దానిముందు మోకాళ్ళేస్తే ఆ కోడి స్వర్గంలో ఎగతాళి చెయ్యదూ? అసలుది ఉండగా నకిలీది ఎందుకంట?"

"ఏ అసలుది?"

అప్పుడు వినిపించింది ఆవిడకి, తను ఏమన్నదో. కత్తెర కొంగున ముడివేసుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా బయల్దేరింది.

తీరా వెళ్ళేసరికి, జడ్జిగారింటి ముందుగదిలో ఫాదరు సాక్ష్యాలు వింటున్నారు. కుర్చీలో ఎవరనుకున్నారు? ఎదురుకొట్టు మిషన్లాయన! జడ్జిగారి చొక్కాలు తన దగ్గరే ఉతికేవారని చెబుతున్నాడు.

"నీ మిషన్లు ఈ ఊళ్ళో దిగేనాటికి ఆయన సమాధి మీద గడ్డి మొలిచింది, లే" అంది మరకలత్త. "కాదు, కూర్చో. నువ్వూ విను. మళ్ళీ నీకు వేరే చెప్పలేను."

లోపలినుంచి తల్లిని నడిపించుకు వచ్చింది, దిండుకింది చొక్కాతో సహా.

"అక్కయ్యా, మీకొక అబద్ధం చెప్పాను. కాలరుకి గుడ్డ వేసింది అరగకుండా కాదు. అక్కడ మరక పోలేదు. ఏడుస్తూ చూసుకోకుండా ఇస్త్రీ పెట్టేశాను, ఉడికి కూర్చుంది. సిగ్గేసి కప్పేశాను. మీరు వద్దన్నదాన్నే మీ తలకింద పెట్టి పంపాను."

కత్తెర మొనతో ఒక్కో పోగూ తెంపింది. గుడ్డకి గాటు పడలేదు. అతుకు ఊడింది. బొటనవేలంత గోధుమరంగు మచ్చ, పెట్టినచోటే ఉంది.

తల్లి వేలు చాపి దానిమీద ఆనించింది, పసిబిడ్డ నుదుటిమీద జ్వరం చూసినట్టు. చాలాసేపు తియ్యలేదు. 

"ఇన్నాళ్ళూ నా చెవికిందే ఉన్నాడుటే వీడు!" అంది. ఏడుస్తూనే నవ్వింది. "చెల్లీ, నీ ఇస్త్రీపెట్టె చల్లగుండ!"

"అది చల్లగుంటే నాకు కూడెక్కడిదక్కయ్యా?" అంది మరకలత్త. అని వెళ్ళి గుమ్మంలో కూర్చుంది. 

ఫాదరు మెల్లగా ముందుకు వంగారు. "అయితే అమ్మా, మీ చేతికి లొంగని మరక కూడా ఒకటుందన్నమాట."

"ఒక్కటే. అలాగే రాసుకోండి. రెండోది ఉందని ఎవరైనా అంటే," మిషన్లాయన వైపు చూసింది, "మూట తీసుకుని నా కొట్టుకి రమ్మనండి."

మిషన్లాయన ఆ పూట సాక్ష్యం వెనక్కి తీసుకున్నాడు. ఊడిన అతుకుముక్క కూడా భద్రపరుస్తానని ఫాదరు చెయ్యి చాపారు. మరకలత్త ఇవ్వలేదు.

"మరక ఆయనది, తీసుకోండి. అతుకు నాది, దీన్ని పట్టుకెళ్ళి ఎవరికి చూపిస్తారు?"

లోపల తల్లి కంచం చప్పుడైంది. ఇంకాస్త వడ్డించమని ఎవరినో అడుగుతోంది. మరకలత్త ఆ చప్పుడు ఆగేదాకా గుమ్మంలోనే కూర్చుని, అప్పుడు లేచింది. సాయంత్రం బెంచీ మీదికి మనిషి వస్తుంది. ఇటుక సరిగా ఉందో లేదో చూసుకోవాలి.