కొల్లేటి బోటుకు చార్జరు

నేను రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, ఒక ఆగస్టు నెలలో, ఏలూరు వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా ఉండగా నాకు ఒక మెమో వచ్చింది. మండవల్లి వైపు కొల్లేటి రేవులో మా శాఖ బోటు ఒకటి ఉండేది. లంక గ్రామాలకు నర్సునూ మందులనూ చేరవేయడం దాని పని. ఏడాది తిరక్కుండా ఆ బోటులో మూడు బ్యాటరీలు పాడైపోయాయి. దానికి తగిన చార్జరును ఎంపిక చేయమని మెమోలో మొదటి పేరా. డ్రైవరు నిర్లక్ష్యం ఏమైనా ఉందేమో రాయమని రెండో పేరా.

డ్రైవరు పేరు ఏడుకొండలు. ఔట్‌సోర్సింగ్ మనిషి. అంటే పని చేయించుకునేది మేము, జీతం ఇచ్చేది ఏజెన్సీ. కాంట్రాక్టు ఏటా మారుతుంది. ఈసారి జాబితాలో అతని పేరు ఉండాలో వద్దో నా రిపోర్టును బట్టి చూస్తామని మా ఏఈ గారు, అంటే అసిస్టెంట్ ఇంజనీరు గారు, ముందే చెప్పారు.

నాకు డిగ్రీ లేదు. ఐటీఐతో సర్వీసులోకి వచ్చినవాణ్ణి. బ్యాటరీల గురించి నాకు తెలిసినదంతా తాడేపల్లిగూడెంలో ఉండగా శాఖా గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నదే. ఒక పక్క అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం, ఇంకో పక్క నిఘంటువు. లైబ్రేరియన్ గారు ఫ్యాను కట్టేస్తే గానీ లేచేవాణ్ణి కాదు. అలా నేర్చుకున్న చదువు సర్వీసు మొత్తం నాకు అన్నం పెట్టింది. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను.

బోటు బ్యాటరీ ఎందుకు అలిసిపోతుందో ముందు చెప్పాలి. కొల్లేరు లోతులేని నీరు. గుర్రపుడెక్క, కిక్కిస గడ్డి ఇంజను పంకాకు చుట్టుకుంటాయి. డ్రైవరు ఇంజను ఆపి, పైకి వంచి, తీగలు కోసి, మళ్లీ స్టార్టు చేయాలి. ఒక్క ప్రయాణంలో ఎన్నిసార్లో. స్టార్టు చేసిన ప్రతిసారీ బ్యాటరీ నుంచి పెద్ద కరెంటు పోతుంది. బోటు నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి ఇంజను దాన్ని తిరిగి నింపలేదు. అందుకే సాయంత్రం రేవుకు వచ్చాక గట్టు మీద షెడ్డులో చార్జింగు పెట్టాలి.

నేను వెళ్లిన రోజు ఏడుకొండలు రేవులో ఎదురొచ్చాడు. నలభై దాటిన మనిషి, మోచేతుల దాకా పాచి మరకలు. నమస్కారం పెట్టి, "రండి, రండి. నన్ను చూడ్డానికొచ్చారా, బ్యాటరీని చూడ్డానికొచ్చారా అండీ?" అన్నాడు. రెండింటికీ అన్నాను. "అయితే దాన్నే ముందు చూడండి. నా ఒంట్లో చార్జింగు ఎలాగూ లేదు," అన్నాడు.

షెడ్డులో పాత చార్జరు ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ రకం, బరువైనది. స్విచ్ వేస్తే ఎర్ర దీపం వెలుగుతుంది, సన్నగా రొద చేస్తుంది. దీపం వెలిగితే చార్జవుతున్నట్టే అని రేవులో అందరి లెక్క. ఏడుకొండలు రోజూ తప్పకుండా పెట్టేవాడు. నర్సు గారు కూడా అదే చెప్పారు. అయినా హైడ్రోమీటరుతో యాసిడ్ సాంద్రత చూస్తే 1260 దగ్గర ఉండాల్సింది 1150 చూపించింది. బ్యాటరీ సగం ఆకలితో ఉంది.

పగలు ప్లగ్గు దగ్గర వోల్టేజీ చూశాను. రెండు వందల ముప్పై. లోపమేమీ లేదు. ఏఈ గారికి ఫోను చేస్తే, "మరింకేం, డ్రైవరే సరిగా పెట్టట్లేదు, రాసేయండి," అన్నారు. చార్జింగు పెట్టే వేళ దాకా ఉండి చూస్తానన్నాను.

పొద్దు వాలాక చుట్టూ చేపల చెరువుల మీద ఏరేటర్లు ఒక్కొక్కటే మొదలయ్యాయి. చీకటి పడితే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. అందుకని చెరువుల వాళ్లు రాత్రంతా ఆ తెడ్డు చక్రాలు తిప్పుతారు. వాటికీ మా షెడ్డుకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మరు. నా చేతిలో మీటరు రెండు వందలు దాటి కిందికొచ్చి, నూట ఎనభై దగ్గర నిలబడింది. ఎర్ర దీపం మాత్రం అలాగే వెలుగుతోంది. బ్యాటరీలోకి పోయే కరెంటు చూపే అమ్మీటరు ముల్లు దాదాపు సున్నాకు వచ్చింది.

పన్నెండు వోల్టుల బ్యాటరీ పూర్తిగా నిండాలంటే చార్జరు పద్నాలుగున్నర దాకా తోయగలగాలి. లోపలికి వచ్చేది తగ్గితే పాత రకం చార్జరు బయటికిచ్చేది కూడా తగ్గిపోతుంది. రోజూ సగం నిండిన బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. కొన్ని నెలలకు పనికిరాకుండా పోతుంది. మూడు బ్యాటరీలూ అలాగే పోయాయి.

"అంటే నేను పెట్టినా పెట్టనట్టేనా అండీ?" అన్నాడు ఏడుకొండలు. అవునన్నాను. అతను దీపం వంక చూసి, "ఎంత నమ్మకంగా ఎలుగుతోందో చూడండి దొంగముండ," అన్నాడు.

మర్నాడే రిపోర్టు ఇచ్చాను. డ్రైవరు నిర్లక్ష్యం లేదని మొదటే రాశాను. తరువాత కావలసిన చార్జరు వివరాలు: నూట యాభై వోల్టులు వచ్చినా పూర్తి అవుట్‌పుట్ ఇవ్వాలి. బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతుకు తగ్గని కరెంటు ఉండాలి. మొదట వేగంగా నింపి, తరువాత నెమ్మదించి, నిండాక కాపాడే మూడు దశలూ దానంతటదే మార్చుకోవాలి. తేమకు తట్టుకునే పెట్టె ఉండాలి. చివరగా, పరీక్ష కొట్లో కాదు, రేవులో, ఏరేటర్లు తిరిగే వేళ జరగాలి.

ఏఈ గారు చదివి, "బాగుందండీ. ఒకే విషయం కాబట్టి ఒకే ఫైలులో పంపిద్దాం," అన్నారు. ఆఫీసులో అది మామూలు పద్ధతి. మూడు కొటేషన్లు కావాలి. ఒక కొట్టు వారు రేవు దాకా రామన్నారు. నాలుగో వారిని వెతకాల్సి వచ్చింది. రేవులో పరీక్ష ఎందుకని ఆడిట్ ఒకసారి తిప్పి పంపింది, సమాధానం రాశాను. ఏఈ గారు శిక్షణకు వెళ్లారు. డ్రైవరు తప్పు లేదన్న రిపోర్టు మొదటి పేజీ ఆ ఫైలులోనే అడుగున ఉంది.

పరీక్షకు ముగ్గురు వచ్చేసరికి చలికాలం వచ్చింది. రెండు చార్జర్లు దీపాలు వెలిగించి ఊరుకున్నాయి. ఏలూరు నుంచి వచ్చిన ఖాదర్ గారు తెచ్చినది మాత్రం నూట డెబ్బై ఐదు దగ్గర కూడా ముల్లు దించలేదు. "కొట్లో చూస్తే మూడూ ఒకటేనండీ. మీరు మమ్మల్ని దోమల్లో నిలబెట్టి తేల్చారు," అని ఆయన నవ్వారు. ఆ చార్జరే కొన్నాం. నాకు తెలిసినంతవరకు ఆ బోటులో మళ్లీ అకాలంగా బ్యాటరీ పోలేదు.

ఆ పరీక్ష రోజు బోటు కట్టింది మాత్రం వేరే డ్రైవరు. కాంట్రాక్టు అక్టోబరులోనే మారింది. జాబితా పంపే నాటికి ఏడుకొండలు మీద మెమో ఉంది, దానికి సమాధానం కొనుగోలు ఫైలుతో పాటు ఇంకెక్కడో ఉంది. నేను రెండుసార్లు వెళ్లి అడిగాను. ఫైలు వచ్చాక చూద్దామన్నారు. వచ్చేసరికి ఖాళీ లేదు. ఆ మరుసటి ఏడు తనిఖీకి వచ్చిన అధికారి, బ్యాటరీని జాగ్రత్తగా వాడుతున్నందుకు కొత్త డ్రైవరును మెచ్చుకున్నారు. అతను మంచివాడే, తప్పు పట్టడానికేమీ లేదు.

తరువాత ఒకసారి ఆ గట్టు మీద ఏడుకొండలు కనిపించాడు. ఒక చెరువు దగ్గర ఏరేటర్లు చూసే పనిలో కుదిరాడు. కొత్త చార్జరు బాగా పనిచేస్తోందా అని అడిగాడు. చేస్తోందన్నాను. "మంచిదండీ. ఇప్పుడు ఆ కరెంటు లాగేసేది నేనే," అని నవ్వి స్విచ్ వేయడానికి వెళ్లాడు.

చార్జరు కొనేవారు కొట్లో దీపం చూసి కొనకండి. వాడే చోట, వాడే వేళ ఎంత వోల్టేజీ ఉంటుందో కొలిచి కొనండి. ఇక ఆఫీసుల్లో ఉన్నవారికి ఒక మాట: మనిషి సంగతినీ వస్తువు సంగతినీ ఒకే ఫైలులో పెట్టకండి. వస్తువు కొనడానికి పట్టేంత కాలం మనిషి కోసం ఉద్యోగం ఆగదు. ఆ తరువాత మిగిలిన కొద్దిపాటి సర్వీసులో నేను అలాంటి రిపోర్టులన్నీ రెండు కాగితాలుగానే ఇచ్చాను.